మీకు తెలుసా? గోల్ ఆపినోళ్ళ గుట్టు!

రండి, ఇలా కూర్చోండి! శాలిబండ, ఇరానీ హోటల్, మూల బల్ల. చాయ్ వచ్చేసింది. ఖాళీ సాసర్‌ని బల్ల మధ్యలో పెడుతున్నా. ఇది మైదానం అనుకోండి! ఈ చివర ఉస్మానియా బిస్కెట్. ఇది గోల్! ఇప్పుడు చెప్పండి. గోల్ కొట్టినవాళ్ళ పేర్లు మీకు ఎన్ని వచ్చు? పది గడగడా చెప్పేస్తారు. మరి గోల్ ఆపినవాళ్ళవి? ఒక్కటి చెప్పండి చూద్దాం! ఆలోచనలో పడ్డారా? అందుకే ఈ వారం అంతా ఆపినోళ్ళ ముచ్చటే!

ముందు ఒక కొలత చెప్తా. ఫుట్‌బాల్ గోల్ వెడల్పు 7.32 మీటర్లు. చిన్నదే కదా అనుకుంటున్నారా? ఒక్కసారి లేచి చార్మినార్ దాకా నడిచి రండి. ఆ కమాను కింద నిలబడి అటు గోడకీ ఇటు గోడకీ చూడండి. ఆ వెడల్పు దాదాపు 11 మీటర్లు! అంటే గోల్ కంటే మూడున్నర మీటర్లే ఎక్కువ. ఆ కమానులో మీరొక్కరే నిలబడాలి. ఎదుట ఐదుగురు కుర్రాళ్ళు. వాళ్ళ కాళ్ళ దగ్గర బంతి. దాన్ని లోపలికి పోనీయకూడదు! ఇప్పుడు చెప్పండి, చిన్న పనేనా?

అమెరికాలోనూ ఇలాంటి కావలివాడు ఒకడున్నాడు. మన ఫుట్‌బాల్‌లో కాదు, చేత్తో విసిరే వాళ్ళ ఫుట్‌బాల్‌లో! పేరు కార్నర్‌బ్యాక్. మైదానం అంచున నిలబడతాడు. ఎదుటి జట్టులో చిరుతలా పరిగెత్తే వాడొకడు ఇతని మీదికే వస్తాడు. ఇతను వెనక్కి పరిగెత్తాలి! అవును, వెనక్కే! ముఖం ఎదుటివాడి వైపు, కాళ్ళు వెనక్కి. నమ్మకం లేకపోతే మీ మేడ మీద 10 అడుగులు వెనక్కి పరిగెత్తి చూడండి. పిట్టగోడ లేని వైపు మాత్రం వద్దు, జాగ్రత్త!

ఆ కార్నర్‌బ్యాక్‌లలో ఒక మొనగాడు డిక్ లేన్. ముద్దుపేరు నైట్ ట్రెయిన్! 1928లో అమెరికాలో ఆస్టిన్ అనే ఊళ్ళో పుట్టాడు. మూడు నెలల పసిగుడ్డుగా చెత్తకుండీలో దొరికాడు! ఇంకొంచెం దగ్గరికి జరగండి. ఆ ఏడుపు విన్న తల్లి పేరు ఎల్లా లేన్. లోపల పిల్లి ఉందేమో అనుకుందట! తొంగిచూస్తే బిడ్డ. ఎత్తుకుని ఇంటికి తెచ్చుకుంది. తన ఇంటిపేరే ఇచ్చింది.

ఆ బిడ్డ పెద్దయ్యాక ఏం చేశాడో తెలుసా? నాలుగేళ్ళు సైన్యంలో పనిచేశాడు. తర్వాత విమానాల ఫ్యాక్టరీలో నూనె కారే రేకులు మోశాడు. ఒకరోజు చంకలో తన ఆట గురించిన పేపర్ ముక్కలు అంటించిన పుస్తకం పెట్టుకుని, లాస్ ఏంజలెస్ రామ్స్ జట్టు ఆఫీసులోకి నేరుగా నడిచి వెళ్ళాడు. పని ఇస్తారా అని అడిగాడు. ఇచ్చారు! అది 1952.

ఆ మొదటి ఏడాదే వింత జరిగింది! ఎదుటివాళ్ళు విసిరిన బంతిని గాల్లోనే 14 సార్లు లాక్కున్నాడు! ఆడింది ఎన్ని మ్యాచ్‌లనుకున్నారు? 12 మాత్రమే! ఇప్పుడు వాళ్ళ సీజన్‌లో 17 మ్యాచ్‌లు. అయినా 70 ఏళ్ళు దాటినా ఆ 14ని కదిలించినవాడు లేడు. వామ్మో!

ఇప్పుడు సాసర్‌ని ఇటు తిప్పండి. 1952 అన్నాను కదా? గుర్తు పెట్టుకోండి. అదే ఏడాది మన హైదరాబాద్ ఆటగాళ్ళు ఎక్కడున్నారో తెలుసా? ఫిన్లాండ్‌లో! హెల్సింకీ ఒలింపిక్స్! డిఫెండర్ అజీజుద్దీన్, హాఫ్ ఆడే నూర్ మహమ్మద్. మనవాళ్ళకి అలవాటు లేని చలి. మన జట్టులో చాలామంది కాళ్ళకి బూట్లు లేవు! వట్టి పాదాలే! తడి పచ్చిక, చల్లని నేల. యుగోస్లావియా మీద 10–1 తేడాతో ఓడిపోయారు.

పది గోల్స్! ఎవరిని తిట్టి ఉంటారు? వెనకున్నవాళ్ళనే కదా! అప్పట్లో వెనక ఉండేది ఎంతమందో చెప్పనా? ఇద్దరు! ముందు ఐదుగురు ఫార్వర్డ్‌లు, మధ్యలో ముగ్గురు హాఫ్‌లు, వెనక కేవలం 2 ఫుల్ బ్యాక్‌లు. ఇద్దరు మనుషులు అంత మైదానాన్ని కాయాలి, అదీ చెప్పుల్లేకుండా! నాకైతే ఆ పదో గోల్ తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. మంచులాంటి గడ్డి మీద బొటనవేలు తగిలితే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి.

సరే, ఇప్పుడు చాయ్ ఒక గుటక వేయండి. ఎందుకంటే అసలు సంగతి ఇక్కడుంది! నాలుగేళ్ళు తిరిగాయి. 1956. మెల్‌బోర్న్ ఒలింపిక్స్. మళ్ళీ అదే అజీజుద్దీన్! మళ్ళీ అదే నూర్ మహమ్మద్! ఈసారి కాళ్ళకి బూట్లున్నాయి. మన జట్టు ఆ పోటీల్లో 4వ స్థానంలో నిలిచింది! ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో భారతదేశం అంతకంటే పైకి ఎన్నడూ పోలేదు. పది గోల్స్ తిన్న జట్టువాళ్ళే సెమీ ఫైనల్ ఆడారు. ఔరా అనండి!

ఆ మెల్‌బోర్న్ జట్టు వెనకవరసలో ఇంకో హైదరాబాదీ ఉన్నాడు. అహ్మద్ హుస్సేన్! రెండేళ్ళ తర్వాత టోక్యో ఆసియా క్రీడల్లోనూ ఆడాడు. 2021 దాకా మన మధ్యే ఉన్నాడు, 89 ఏళ్ళు బతికాడు. ఆయన పేరు మీరు ఇవాళే మొదటిసారి విన్నారు కదూ? చూశారా, ఆపినోళ్ళ బతుకంతే!

ఇంతమందిని తయారుచేసింది ఎవరు? ఒక బడిపంతులు! సయ్యద్ అబ్దుల్ రహీం. అందరి నోటా రహీం సాబ్. హైదరాబాద్‌లో ఆయన పాఠాలు చెప్పిన బళ్ళు 4. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూల్. పొద్దున బ్లాక్‌బోర్డు, సాయంత్రం మైదానం! చాక్‌పీస్ పట్టిన చేత్తోనే విజిల్ పట్టి దేశాన్ని ఒలింపిక్స్‌కి తీసుకెళ్ళాడు.

ఆయన కుర్రతనంలో ఆడిన జట్టు పేరు వింటే ఒళ్ళు జలదరిస్తుంది. ఎలెవెన్ హంటర్స్! 11 మంది వేటగాళ్ళు! అందరూ మన మూసీ ఒడ్డున, హైకోర్టు పక్కనున్న సిటీ కాలేజీ కుర్రాళ్ళే. కొత్తవాళ్ళూ ఉన్నారు, చదివి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. తర్వాత పేరు మార్చుకుని సిటీ కాలేజీ ఓల్డ్ బాయ్స్ అయ్యారు. నాకైతే పాత పేరే ముద్దు!

రహీం సాబ్ ఒక వింత పోటీ పెట్టేవాడు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలి! ఎడమకాలి వాడు కుడికాలితోనే! ఒక్క కాలు, అదీ చేతకాని కాలు! మొదటి రోజు అందరూ తడబడతారు కదా? కానీ ఆలోచించండి. డిఫెండర్‌కి రెండు వైపులా ప్రమాదమే. ఎదుటివాడు ఏ పక్కకి తిరుగుతాడో ముందే తెలియదు. రెండు కాళ్ళూ పనిచేయాల్సిందే! ఈ చిట్కా ఇంటి దగ్గర కూడా పనికొస్తుంది. ఇవాళ సాయంత్రం మీ పిల్లలతో ఆడి చూడండి, పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు!

ఆయన శిక్షణ ఇచ్చిన పోలీసుల సంగతి విన్నారా? హైదరాబాద్ సిటీ పోలీస్! బొంబాయి రోవర్స్ కప్. 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు గెలుచుకున్నారు! ఒకటి కాదు, రెండు కాదు, ఐదు! దేశంలోని పెద్ద పెద్ద జట్లన్నీ వచ్చాయి, వెళ్ళాయి. కప్పు మాత్రం మన రైలే ఎక్కింది. ఆ ఐదేళ్ళూ కప్పుని తుడిచీ తుడిచీ మన పోలీసుల చేతులు నొప్పి పుట్టి ఉంటాయి!

అంతకుముందు 1943లో ఇంకో తమాషా. బెంగళూరులో యాష్ గోల్డ్ కప్ ఫైనల్. ఎదుట బ్రిటిష్ వైమానిక దళం జట్టు. అందులో ఎవరున్నారో తెలుసా? డెనిస్ కాంప్టన్! అవును, ఇంగ్లాండ్ క్రికెటర్ కాంప్టనే! ఆర్సెనల్‌కి ఫుట్‌బాల్ కూడా ఆడేవాడు. ఆయనున్న జట్టుని మన సిటీ పోలీసులు ఓడించి పంపారు! అప్పటికి స్వాతంత్ర్యం రావడానికి ఇంకా నాలుగేళ్ళుంది!

ఇది వినండి, ముక్కున వేలేసుకుంటారు! 1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రం మ్యాప్ నుంచి మాయమైంది. ఆంధ్రప్రదేశ్ పుట్టింది. కానీ ఆ సీజన్‌లో రాష్ట్రాల ఫుట్‌బాల్ పోటీ సంతోష్ ట్రోఫీ గెలిచిన జట్టు పేరు ఏమిటి? హైదరాబాద్! మరుసటి సీజన్? మళ్ళీ హైదరాబాదే! రెండుసార్లూ ఫైనల్లో ఓడింది బొంబాయి. లేని రాష్ట్రం 2 సార్లు దేశాన్ని గెలిచింది!

చాయ్ చల్లారిపోతోంది, తాగండి. ఇప్పుడు జకార్తా వెళ్దాం. 1962 సెప్టెంబర్ 4. ఆసియా క్రీడల ఫైనల్. స్టేడియంలో దాదాపు 1,00,000 మంది. దాదాపు అందరూ మనకి వ్యతిరేకంగానే అరుస్తున్నారు! మన డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వెనక ఆడలేడు. రహీం సాబ్ ఏం చేశాడు? అతన్ని తీసుకెళ్ళి ముందు నిలబెట్టాడు! కుట్లున్న తలతో ఫార్వర్డ్! ఆ జర్నైల్ సింగే ఫైనల్లో గోల్ కొట్టాడు! దక్షిణ కొరియా మీద 2–1. బంగారు పతకం!

ఆ రోజు గోల్‌లో నిలబడ్డది ఎవరు? మన పీటర్ తంగరాజ్! జ్వరంతో మంచాన పడి లేచి వచ్చి ఫైనల్ ఆడాడు. పైగా ఇంకో వింత! కుర్రాడిగా ఆడేటప్పుడు ఈయన గోల్‌కీపరే కాదు. సెంటర్ ఫార్వర్డ్! గోల్స్ కొట్టేవాడు గోల్స్ ఆపేవాడయ్యాడు, ఆపేవాడు కొట్టేవాడయ్యాడు. ఇద్దరూ ఒకే ఫైనల్లో! తంగరాజ్ 1958లో ఆసియాలోకెల్లా మేటి గోల్‌కీపర్ అనిపించుకున్నాడు.

మరి రహీం సాబ్? ఆయనకి అప్పటికే క్యాన్సర్. జకార్తా నుంచి పతకంతో వచ్చాక తొమ్మిది నెలలే బతికాడు. 1963 జూన్ 11న వెళ్ళిపోయాడు. వయసు 53. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి బంగారం మళ్ళీ రాలేదు. ఒక్కటి కూడా!

ఆయన కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కథ ఇంకో రకం! 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. కోచ్ స్వయానా నాన్నే. అయినా ఒక్క మ్యాచ్‌లో కూడా దింపలేదు! కన్నకొడుకైనా సరే, వరసలో నిలబడాల్సిందే! ఆ హకీం తర్వాత విజిల్ పట్టి ఫిఫా రిఫరీ అయ్యాడు. 1988 ఆసియా కప్‌లో మ్యాచ్‌లు నడిపించాడు!

ఇప్పుడు డిఫెండర్లు కలలో కూడా ఉలిక్కిపడే సంగతి! మన హైదరాబాదీ అన్నదమ్ములు హబీబ్, అక్బర్. తమ్ముడు అక్బర్ 1976లో కలకత్తాలో మోహన్ బగాన్ తరఫున ఈస్ట్ బెంగాల్ మీద గోల్ కొట్టాడు. ఎప్పుడో తెలుసా? ఆట మొదలైన 17 సెకన్లకి! ఈ బిస్కెట్ చాయ్‌లో ముంచి నోట్లో పెట్టుకునేంత సమయం! పాపం, వెనకున్నవాళ్ళు ఇంకా తమ చోట్లో సరిగ్గా నిలబడి కూడా ఉండరు!

అన్న హబీబ్ సంగతి? మరుసటి ఏడాది, 1977 సెప్టెంబర్ 24. ఈడెన్ గార్డెన్స్. మోహన్ బగాన్ ఎదుట న్యూయార్క్ కాస్మోస్. అందులో పీలే! ఆట 2–2. అందులో ఒక గోల్ మన హబీబ్‌ది! మరి పీలే ఎన్ని కొట్టాడు? సున్నా! వెంట నీడలా తిరిగి ఆయన్ని కట్టడి చేసింది గౌతమ్ సర్కార్. చూశారా? ఆ రోజు పీలే సున్నా వెనక కూడా ఒక ఆపినోడున్నాడు!

ఇక అసలు గుట్టు. చెవి ఇలా ఇవ్వండి! ఇప్పటిదాకా నేను చెప్పిన పేర్లన్నీ ఒక ఎత్తు, ఈ పేరు ఒక ఎత్తు. సయ్యద్ నయీముద్దీన్! హైదరాబాద్‌లో పుట్టాడు. 1944. ఆడింది ఎక్కడ? వెనక! డిఫెండర్! ఈ వ్యాసం రాయడానికి కారణమే ఈయన.

1970. బ్యాంకాక్ ఆసియా క్రీడలు. భారత జట్టు కెప్టెన్ ఎవరు? గోల్స్ కొట్టే స్టార్ అనుకున్నారా? కాదండీ, మన నయీమే! 26 ఏళ్ళ డిఫెండర్! మూడో స్థానం కోసం జపాన్‌తో పోటీ. 1–0! కంచు పతకం! ఆ స్కోరులో ఒకటిని అందరూ చూస్తారు. నేను సున్నాని చూస్తాను. జపాన్ కొట్టలేకపోయిన ఆ సున్నా! అది ఊరికే వచ్చిందా? ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కి దక్కిన చివరి పతకం కూడా అదే. అర్ధ శతాబ్దం దాటిపోయింది!

అదే 1970లో ఇంకొకటి కూడా జరిగింది! సెప్టెంబర్ 25, కలకత్తా, ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్. ఈస్ట్ బెంగాల్ ఎదుట ఇరాన్ జట్టు పాస్ టెహ్రాన్. ఈస్ట్ బెంగాల్‌లో మన నయీం ఉన్నాడు, మన హబీబ్ కూడా ఉన్నాడు. చివరి నిమిషాల దాకా గోల్ లేదు. ఆఖర్న పరిమళ్ డే కొట్టాడు. మళ్ళీ 1–0! మళ్ళీ ఆ సున్నా! ఒకే ఏడాదిలో ఇరాన్ క్లబ్బుకీ సున్నా, జపాన్ దేశానికీ సున్నా!

కలకత్తా గురించి మీకు తెలిసే ఉంటుంది. అక్కడ ఒక క్లబ్బువాడు ఇంకో క్లబ్బు గడప తొక్కడం అంటే పెద్ద రభస! ఆ 3 పెద్ద క్లబ్బులు ఏవి? ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్. నయీం మూడింటికీ ఆడాడు! ఆగండి, అయిపోలేదు. తర్వాత మూడింటికీ కోచ్‌గా కూడా చేశాడు! మూడు ఇళ్ళలోనూ పెద్దపీట వేయించుకున్న మనిషిని ఎక్కడైనా చూశారా?

అవార్డుల లెక్క వినండి. 1970కి అర్జున. ఆటగాడికి ఇచ్చేది. 1990కి ద్రోణాచార్య. గురువుకి ఇచ్చేది. 20 ఏళ్ళ తేడాతో అర్జునుడూ ఆయనే, ద్రోణుడూ ఆయనే! మన మహాభారతంలో కూడా అలా కుదరలేదు కదా! భారత ఫుట్‌బాల్‌లో ఈ రెండూ అందుకున్న మనిషి ఆయన ఒక్కడే!

ఆ 1990 ఊరికే రాలేదు. ఆ ఏడాది ఈస్ట్ బెంగాల్ కోచ్ నయీం. ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచారు. డ్యూరాండ్ గెలిచారు. రోవర్స్ కూడా గెలిచారు! ఒకే సీజన్‌లో 3 కప్పులు! రోవర్స్ అనగానే ఏం గుర్తొచ్చింది? మన సిటీ పోలీసులు ఐదేళ్ళు వదలని కప్పు! అదే కప్పుని మళ్ళీ ఒక హైదరాబాదీ పట్టుకున్నాడు. ఈసారి గట్టు మీద నిలబడి!

క్రమశిక్షణ అంటే నయీం ప్రాణం పెట్టేవాడు. పెద్ద స్టార్ అయినా సరే, సమయానికి రాకపోతే పక్కన కూర్చోవాల్సిందే. ఎందుకో నాకేమనిపిస్తుందో చెప్పనా? ఫార్వర్డ్ 10 తప్పులు చేసి 1 గోల్ కొడితే ఊరేగిస్తారు. డిఫెండర్ 10 సార్లు ఆపి 1 సారి జారితే దోషి! తొంభై నిమిషాలూ ఆ లెక్కతో బతికిన మనిషి ఇంకెలా ఉంటాడు చెప్పండి?

2005 డిసెంబర్. కరాచీ! అవును, పాకిస్తాన్‌లో! శాఫ్ గోల్డ్ కప్ ఫైనల్. ఎదుట బంగ్లాదేశ్. భారత జట్టు కోచ్ ఎవరో చెప్పక్కర్లేదు కదా? 61 ఏళ్ళ నయీం! 2–0. కప్పు మనదే! ఒక్కసారి స్కోరు చూడండి. మళ్ళీ అవతల సున్నాయే! బ్యాంకాక్‌లో కెప్టెన్‌గా సున్నా, 35 ఏళ్ళ తర్వాత కరాచీలో కోచ్‌గా సున్నా. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది!

అమెరికావాళ్ళనీ మర్చిపోవద్దు. డియాన్ శాండర్స్ అని ఒక కార్నర్‌బ్యాక్. 1992 అక్టోబర్ 11న పగలు మయామీలో ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడాడు. చెమట ఆరకముందే విమానం ఎక్కాడు. రాత్రికి పిట్స్‌బర్గ్‌లో బేస్‌బాల్ జట్టు డ్రెస్సులో ఉన్నాడు! ఒకే రోజు, 2 ఊళ్ళు, 2 ఆటలు! ఫుట్‌బాల్‌లో సూపర్ బౌల్, బేస్‌బాల్‌లో వరల్డ్ సిరీస్ రెండూ ఆడిన మనిషి ఇప్పటికీ ఆయన ఒక్కడే.

ఇంకో కార్నర్‌బ్యాక్ డారెల్ గ్రీన్. పొట్టివాడు! కానీ వాషింగ్టన్ జట్టులో ఎన్నేళ్ళు ఆడాడో తెలుసా? 20 సీజన్లు! ఒకే జట్టు, ఒకే పని, ఆపడం!

ఆ ఆట మన దాకా వచ్చిందని చెప్తే నమ్ముతారా? 2012లో ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా అని మొదలైంది. హెల్మెట్లు, భుజాల మీద దిండ్లు, అచ్చం అమెరికాలోలాగే! మొత్తం 8 జట్లు. అందులో ఒకటి హైదరాబాద్ స్కైకింగ్స్! మన ఊరి పేరుతో కార్నర్‌బ్యాక్‌లు కూడా వచ్చేశారన్నమాట!

ఆపడం మన ఊరికి కొత్తేమీ కాదు. 1687. గోల్కొండ కోట. ఔరంగజేబు సైన్యం 8 నెలలు బయటే కూర్చుంది! లోపలికి రాలేకపోయింది. చివరికి లోపలివాడే తలుపు తీశాడు. అప్పుడు ద్వారం దగ్గర ఒక్కడే గుర్రం మీద అడ్డం పడ్డాడు. అబ్దుల్ రజాక్ లారీ! ఒంటి మీద 70 గాయాలు లెక్కపెట్టారని ఆనాటి చరిత్రకారుడు రాశాడు. అయినా బతికాడు! శత్రువు వైద్యులే కట్లు కట్టి బతికించారు!

ఆ ఔరంగజేబు సైన్యం గుడారాలు వేసుకున్న చోటు ఏదో చెప్పండి? ఫతే మైదాన్! గెలుపు మైదానం అని పేరు. తర్వాత అక్కడే స్టేడియం కట్టారు. 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. మన ఎల్బీ స్టేడియం! కోట ముట్టడించినవాళ్ళు పడుకున్న నేల మీదే మన డిఫెండర్లు బూట్లు అరగదీశారు!

పాతబస్తీలో ఇంకా దక్షిణానికి పోతే బార్కాస్. ఆ పేరు ఎక్కడిదో తెలుసా? బ్యారక్స్! నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ అరబ్బుల బ్యారక్స్. నోట్లో నలిగి నలిగి బార్కాస్ అయింది. అక్కడ సాయంత్రం 5 దాటితే మైదానంలో కాలు పెట్టే చోటుండదు. గోలగోలగా ఫుట్‌బాల్! ఒకచోట గోల్ పోస్టులకి బదులు రెండు జతల చెప్పులు చూశాను. ఎడమ చెప్పులు అటు, కుడి చెప్పులు ఇటు! ఎవరి చెప్పు ఏదో వాళ్ళకి బాగా తెలుసు.

మొన్న ఆదివారం పొద్దున సిటీ కాలేజీ దగ్గర కులీ కుతుబ్ షా స్టేడియం గట్టు మీద కూర్చున్నా. పిల్లలు జట్లు పంచుకుంటున్నారు. నేను ఫార్వర్డ్, నేను ఫార్వర్డ్ అని ఒకటే అరుపులు! తొమ్మిది చేతులు లేచాయి. చివర్లో ఒక బక్కపల్చటి పిల్లాడు. మోకాలి మీద ఎండిన గాయం, ఒక బూటుకి లేసు బదులు గోనె దారం. వాడు చెయ్యి ఎత్తలేదు. ఎవరూ అడగలేదు. తనంతట తనే వెనక్కి నడిచి గోల్ ముందు నిలబడ్డాడు!

నేను గంటన్నర అక్కడే కూర్చున్నా. వాడి మీదికి వచ్చిన బంతులు లెక్కపెట్టా. పదకొండు! లోపలికి పోయినవి ఒక్కటే. ఆ ఒక్కదానికీ వాడి జట్టువాళ్ళు వాడినే తిట్టారు! వాడేం మాట్లాడలేదు. వంగి గోనె దారం బిగించుకున్నాడు. మళ్ళీ నిలబడ్డాడు. రెండు కాళ్ళూ కొంచెం ఎడంగా, మడమలు పైకి లేపి, చూపు ఎదుటివాడి నడుము మీద!